నా ముళ్ళు నేనే తీసుకోవడానికి కొల్లేరు వెళ్ళాను

కొల్లేరు వెళ్ళేవాళ్ళు చాలామంది పక్షులను చూడడానికి వెళ్తారు. నేను చేప తినడానికి వెళ్ళాను. అది కూడా నా కుడిచేత్తో, ఎవరూ ముళ్ళు తీసి పెట్టకుండా తినడానికి. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకేమీ పట్టింపు లేదు. కానీ మీ ఇంట్లో పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి ఉన్నా, ఆ మనిషి మీరే అయినా, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు మీదుగా కొల్లేరుకు ఒక్కరోజులో ఎలా వెళ్ళి రావచ్చో మీకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. పట్టుబట్టి కుడిచేతి వేళ్ళతోనే టైపు చేస్తున్నాను కనుక అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

నేను లెక్కల టీచరుని. గూడెంలో ఒక హైస్కూల్లో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. రెండేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాస్తుండగా సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకుందామంటే చెయ్యి కదలలేదు. పిల్లలను ఎవరినైనా పిలుద్దామంటే నాలుక తిరగలేదు. మెదడుకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడిందని తర్వాత చెప్పారు. తోటి టీచర్లు పసరు వైద్యాలూ దిష్టి తీయడాలూ అంటూ కాలయాపన చెయ్యకుండా నన్ను కారులో వేసుకుని నేరుగా ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళబట్టి బతికి బట్టకట్టాను. కుడికాలు, కుడిచెయ్యి, నోట్లో కుడిపక్క స్పర్శ, మాట, అన్నీ ఒక్క ఉదయంలో పోయాయి. ముందు కాలు తిరిగివచ్చింది, ఆ వెనక మాట వచ్చింది. చెయ్యి మాత్రం మొండికేసింది.

మావారి పేరు ప్రభాకర్. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఈ రెండేళ్ళలో ఆయన నాకు చెయ్యని సేవ లేదు, ఆయన మీద నాకున్న ఫిర్యాదు కూడా అదే. ఆసుపత్రిలో మొదటి వారం ఒకసారి గుక్కెడు నీళ్ళు తాగబోతే పొలమారి ఊపిరి అందక నా మొహం నల్లబడిపోయిందట. పక్కన ఉన్నది ఆయనొక్కరే. నర్సు వచ్చేదాకా ఆయన ఏం పడ్డారో నాకు తెలియదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నా కంచంలో చేపముక్క పడితే అది ముందు ఆయన చేతిలోకి వెళ్ళి, ముళ్ళన్నీ తీయించుకుని, పొడిపొడిగా నా దగ్గరకు తిరిగివచ్చేది.

ఇంట్లో అయితే ఊరుకునేదాన్ని. పోయిన ఏడాది మా చర్చిలో ప్రేమవిందు జరిగినప్పుడు బంతిలో అందరి మధ్యా నా ఆకులోని ముక్క తీసుకుని ముళ్ళు ఏరడం మొదలుపెట్టారు. ఎదురు వరసలో కూర్చున్న పెద్దావిడ, "ఎంత అదృష్టవంతురాలివమ్మా, మీ ఆయన ముళ్ళు తీసి మరీ పెడుతున్నారు" అంది. మా వైపు ముళ్ళు తీసి పెట్టేది పసిపిల్లలకి. బడికి వెళ్ళే వయసు వచ్చిన పిల్లవాడికి నలుగురిలో అలా తీసి పెడితే వాడికి తల కొట్టేసినట్టవుతుంది. నాకు అప్పుడు యాభై ఏళ్ళు. ఆ ముక్క అలాగే ఆకులో వదిలేసి చేతులు కడుక్కున్నాను. ఆవిడ మంచి మాటే అంది, మావారు మంచి పనే చేశారు, నాకు మాత్రం ఇంటికి వచ్చాక ఏడుపు ఆగలేదు.

ఏలూరులో నాకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు శ్రావణి అనే అమ్మాయి. వెనకబడ్డ పిల్లవాడి మీద నేను స్కూల్లో ఎంత ఓపిక పడతానో, నా చేతి మీద తను అంత ఓపిక పట్టింది. ఒకరోజు, "ఏం చెయ్యగలిగితే మీ చెయ్యి మీకు తిరిగొచ్చినట్టు అనిపిస్తుందండీ?" అని అడిగింది. చాలామంది సంతకం పెట్టాలంటారట, జడ వేసుకోవాలంటారట. నేను, "చేదుపరిగెల పులుసు నా చేత్తో తినాలి" అన్నాను. శ్రావణిది మా ప్రాంతమే, భీమడోలు, అందుకని నవ్వలేదు. మా ప్రాంతం వాళ్ళు కానివారికి చెప్పాలంటే, చేదుపరిగె అరచేతిలో ఇమిడిపోయే చిన్న వెండిరంగు చేప. పులుసు పెడితే దాని రుచికి సాటి లేదు, కానీ ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి ముళ్ళు. అవి కంటితో చూసి తీసేవి కావు. నమిలేటప్పుడు నాలుక వాటిని పట్టుకోవాలి, పెదవి దగ్గరికి తోయాలి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి లాగెయ్యాలి. పక్షవాతం నా దగ్గర్నుంచి పట్టుకుపోయింది సరిగ్గా ఆ నాలుకనూ, ఆ పెదవినీ, ఆ వేళ్ళనే.

శ్రావణి నాకు బియ్యంలో శనగలు కలిపి ఏరమంది. శనగలు వచ్చాక పెసలు, పెసలు వచ్చాక ఆవాలు. ఆవాల దగ్గర నెలల తరబడి కూరుకుపోయాను. టీచరుగారు ఏరిన బియ్యంలో మళ్ళీ ఆవిడే ఆవాలు పోసుకుంటున్నారని, పాపం బుర్ర కూడా దెబ్బతిన్నట్టుందని మా వీధిలో చెప్పుకున్నారట. చెప్పుకోనివ్వండి. ఆ రోజుల్లోనే క్లినిక్ బెంచీ మీద నాగమణి గారు పరిచయమయ్యారు. కొల్లేటి లంక ఊరి మనిషి, భార్యాభర్తలిద్దరూ చేపల చెరువుల్లో పని చేస్తారు. పక్షవాతం వచ్చిన అత్తగారిని ఆవిడ మా క్లినిక్‌కే తీసుకొచ్చేవారు. నా పరిగెల కథ విని, "మీ చెయ్యి తిరగనివ్వండి టీచరుగారూ, మా ఊరొచ్చి తిందురుగాని" అన్నారు. చలి మొదలయ్యాక ఒక శనివారం డాక్టరుగారు నేను మింగే తీరు పరీక్షించి ఇబ్బంది లేదన్నారు. ఎడంపక్కనే నమలాలని, తినేటప్పుడు మాట్లాడకూడదని శ్రావణి రెండు షరతులు పెట్టి, "ఇంక వెళ్ళి రండి" అంది.

ఆ తర్వాతి శనివారం బయలుదేరాం. గూడెం స్టేషనులో పొద్దున్న ఏడు దాటాక విజయవాడ వైపు వెళ్ళే ప్యాసింజరు దొరుకుతుంది. ఏలూరుకు గంట లోపే, టికెట్టు కూడా చాలా చవక. నాలాంటివాళ్ళు బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందే అడిగి తెలుసుకుని తీరిగ్గా అక్కడికి చేరుకోవాలి, బండి కూతపెట్టాక వంతెన మెట్లెక్కడం మనవల్ల అయ్యే పని కాదు. బండి మెట్లకు ఒక సూత్రం ఉంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వెయ్యాలి. కర్ర చంకన పెట్టుకుని ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాను. మావారు వెనక రెండు చేతులూ చాచి నిలబడ్డారు, నేను పడితే క్యాచ్ పట్టేటట్టు. ఆయన భుజాన సంచీలో నా ఆసుపత్రి ఫైలు, రక్తపోటు మాత్రలు, ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు ఉన్నాయి. ఉంగుటూరు, కైకరం, పూళ్ళ దాటుతుంటే కోసిన వరి పనలు చేలల్లో ఆరుతున్నాయి. చాలా రోజుల తర్వాత ఆసుపత్రి పని లేకుండా ఆ దారిన వెళ్ళడం నాకు ఎంతో బాగుంది.

ఏలూరు స్టేషను బయట ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. కొల్లేరు దాకా వెళ్ళి, సాయంత్రం వరకు మాతో ఉండి, మళ్ళీ స్టేషనులో దింపడానికి పదిహేను వందలు అడిగాడు. కైకలూరు వైపు బస్సులున్నాయి, అవి చాలా చవక, కానీ బస్సు మెట్టు ఎత్తు, పైగా లంక ఊళ్ళ లోపలికి వెళ్ళవు. నడవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు ఆటో ఖర్చుకు వెనకాడకండి. డ్రైవరు పేరు శ్రీను. నేను కర్రతో రావడం చూడగానే పరుగున వచ్చి నా కుడిచెయ్యి పట్టుకోబోయాడు.

"ఆ చెయ్యి లాగకు బాబూ, భుజం పట్టేస్తుంది. నేనే ఎక్కుతాను, కాస్త టైము ఇవ్వు" అన్నాను. నేను ఎక్కేదాకా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాటపర్రు దాటాక అద్దంలోంచి చూస్తూ, "మా నాన్నగారికీ ఇదేనండి. ఏడాదైందండి, మంచం మీదే ఉన్నారు. మేం కాలు కింద పెట్టనివ్వమండి, పడిపోతారని" అన్నాడు.

"లేవాలని ఆయన అడగరా?"

"అడుగుతారండి. మొదట్లో బాగా అడిగేవారు. ఇప్పుడు అడగటం లేదండి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పడిపోతారన్న భయం మంచిదేనని, పడకుండా నడిపించడం నేర్పేవాళ్ళు ఏలూరులోనే ఉన్నారని, ఇన్నాళ్ళకైనా ఒకసారి చూపిస్తే ఎంతో కొంత మేలు ఉంటుందని చెప్పాను. "ఆయ్, తప్పకుండా తీసుకెళ్తానండి" అన్నాడు. నా పక్కన మావారు ఈ సంభాషణలో కల్పించుకోకుండా, అటువైపు చేపల చెరువులను చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చున్నారు. అలా మాట్లాడకుండా కూర్చోవడం ఆయన స్వభావం కాదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ముందు ఆటపాక వెళ్ళి పక్షులను చూశాం. ఏలూరు నుంచి గంట పైగా పడుతుంది. ఎండెక్కకముందే వెళ్తే గూడబాతులు చెట్ల మీద కిక్కిరిసి కనిపిస్తాయి, వాటి పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. పడవ ఎక్కేచోట నాకు మళ్ళీ మర్యాద ముంచుకొచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు ఎత్తి పడవలో పెడతామన్నారు. మా గోదావరి జిల్లాల మర్యాద సంగతి మీకు తెలిసిందే, వద్దంటే ఇంకా ఎక్కువ చేస్తారు. పడవ కదలకుండా పట్టుకోండి, అంతే చాలు అని చెప్పి, బాగున్న కాలు ముందు వేసి ఎక్కి కూర్చున్నాను. పడవ నడిపే ఆయన, "బానే ఎక్కారండీ" అన్నాడు. అరగంట తిప్పాడు. పిల్లకు తల్లి గూడబాతు తన గొంతు సంచిలోంచి చేపను అందిస్తుంటే మావారు మురిసిపోతూ ఫొటో తీసుకున్నారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నాగమణి గారి ఊరు చేరాం. చెరువు గట్టు మీద ఇల్లు, ముందూ వెనకా నీళ్ళే. నీళ్ళలో పాతిన కర్రలకు చేపల మేత కోసం తవుడు సంచులు వేలాడుతున్నాయి. ఇంటి ముందు ఆటో దిగగానే పులుసు వాసన తగిలింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, ముందు గదిలో టేబులు మీద కొత్త ప్లేట్లు పెట్టి కూర్చోబెట్టారు. నాగమణి గారి భర్త తెల్లారకముందే వెళ్ళి కొర్రమీను తెచ్చి ఇచ్చి, మళ్ళీ చెరువు పనికి వెళ్ళారట. పులుసు ఒక గిన్నెలో, వేపుడు ఒక పళ్ళెంలో తెచ్చి మా ముందు పెట్టారు.

"కొర్రమీనుకు నడుం ముల్లు తప్ప ఇంకేం ఉండదు కదండీ. అది కూడా తీసేశాను టీచరుగారూ. మీరు కళ్ళు మూసుకుని తినెయ్యొచ్చు. చిన్నపిల్లలకి కూడా పెట్టొచ్చండి" అన్నారు నాగమణి గారు, ఎంతో సంతోషంగా.

నేను ప్లేటు వంక చూశాను. తెల్లగా, మెత్తగా, ఒక్క ముల్లయినా లేని చేప. "మరి పరిగెలు?" అని అడిగాను.

"అయ్యో, ఇంటికొచ్చినవాళ్ళకి పరిగెలు పెడతామా అండీ? అదీగాక సారుగారు మొన్న ఫోను చేసి మరీ చెప్పారు కదండీ, ముల్లు లేని చేప వండమని."

మావారు తలెత్తి ఫ్యాను వంక చూస్తున్నారు. ఫ్యాను తిరగడం లేదు, చలికాలం. "ఏవండీ" అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే, "ఊరుకాని ఊరు. ఏదైనా అయితే ఆసుపత్రికి ఎంత దూరమో చూశావుగా" అన్నారు మెల్లగా. నాకు ఒళ్ళు మండిపోయింది. నెలల తరబడి ఆవాలు ఏరినప్పుడు పక్కన కూర్చుని చూసిన మనిషి, డాక్టరుగారు సరేనన్న మాట చెవులారా విన్న మనిషి, నా వెనక ఫోను చేసి నా పరీక్ష రద్దు చేసేశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది కొల్లేటి ఊళ్ళు తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. కొర్రమీను అక్కడ చుట్టానికి చేసే మర్యాద. పరిగెలు ఇంట్లోవాళ్ళు తినేవి. చుట్టం ముందు పరిగెల గిన్నె పెట్టారంటే ఆ ఇంట్లో గతి లేదని చెప్పినట్టు. వంటింట్లోంచి వస్తున్న వాసన పరిగెల పులుసుదేనని నా ముక్కుకు ఎప్పుడో తెలిసిపోయింది. అడిగితే నాగమణి గారి పరువు పోతుంది, అడక్కపోతే నేను వచ్చిన పని పోతుంది. ఈలోగా మావారు కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన మొదలుపెట్టారు. నాగమణి గారు కూడా మర్యాదగా చేతులు జోడించి నిలబడ్డారు. ప్రార్థన పొడుగ్గా సాగింది, పడవనూ పక్షులనూ ఆటోనూ అన్నింటినీ తలుచుకున్నారు, ఫోను సంగతి మాత్రం దేవుడి దగ్గర కూడా ఎత్తలేదు.

ఆవిడ మనసు నొచ్చుకోకుండా కొర్రమీను ముక్క ఒకటి తిన్నాను. చాలా బాగుంది, అది ఒప్పుకోవాలి. తిన్నాక కర్ర అందుకుని లేచి వంటింట్లోకి నడిచాను. అక్కడ నాగమణి గారి అత్తగారు నేల మీద కూర్చుని ఒడిలో పళ్ళెం పెట్టుకుని పరిగెలు తింటున్నారు. ఆవిడ కుడిచెయ్యి తిరిగి రాలేదు, ఒళ్ళో ముడుచుకుని ఉంది. ఎడంచేత్తో నిమ్మళంగా తింటూ, ముళ్ళు పళ్ళెం అంచున ఊస్తున్నారు. మేమిద్దరం క్లినిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం, నన్ను చూసి నవ్వారు. పొయ్యి పక్కనున్న పొట్టి పీట లాక్కుని, గోడ పట్టుకుని, ముందు బలహీనమైన కాలు చాపి, మెల్లగా ఆవిడ పక్కన కూర్చున్నాను. పక్షవాతం వచ్చాక అంత కిందగా కూర్చోవడం అదే మొదటిసారి.

నాగమణి గారు కంగారుగా వెనకే వచ్చారు. "ఇదేంటండీ టీచరుగారూ, ఇక్కడ కూర్చున్నారేంటండీ?"

"ముందు గదిలో కూర్చుంటే చుట్టాన్ని. వంటింట్లో కూర్చుంటే ఇంట్లో మనిషినే కదండీ. ఇంట్లోవాళ్ళు ఏం తింటారో అదే పెట్టండి."

ఆవిడ గిన్నె మూత మీద చెయ్యి పెట్టి అడ్డుపడ్డారు. అత్తగారు ఎంగిలి చెయ్యి గాల్లో ఊపుతూ, "పెట్టవే, మనిషి అంత దూరం నుంచి వచ్చి నేలమీద కూచుని అడుగుతుంటే. నీ పరువుకేం వచ్చిందిప్పుడు" అన్నారు. ఆ మాటతో గిన్నె మూత తెరుచుకుంది. మావారు కూడా తన ప్లేటుతో వచ్చి నాకెదురుగా చతికిలబడ్డారు. నా పళ్ళెంలోనూ ఆయన ప్లేటులోనూ పరిగెలు పడగానే ఆయన రెండోసారి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఈసారి చిన్న ప్రార్థన, పైకి వినిపించలేదు, పెదవులు మాత్రం కదిలాయి.

వేడి అన్నంలో పులుసు కలిపి, చేప వీపు పక్క కొంచెం తుంచుకుని నోట్లో పెట్టుకున్నాను. శ్రావణి చెప్పినట్టు ఎడంపక్కన నమిలాను, ఎవరితోనూ మాట్లాడలేదు. మొదటి ముల్లు నాలుకకు వెంటనే దొరికింది. పెదవి దగ్గరికి తెచ్చి వేళ్ళతో పట్టుకోబోతే పులుసు జిడ్డుకు జారిపోయింది. రెండోసారీ జారింది. వేళ్ళు లంగాకు తుడుచుకునే చిన్నపిల్లలాగా నా చీర చెంగుకు తుడుచుకుని, మళ్ళీ పట్టుకుని లాగాను. వచ్చింది. దాన్ని తీసి పళ్ళెం అంచున పెట్టాను. ఆవగింజ కంటే తేలికే అనిపించింది.

ఆ తర్వాతి ముద్దలో ఒక ముల్లు కుడిపక్కకు జరిగిపోయింది. అటుపక్క నాకు ఇప్పటికీ సగమే తెలుస్తుంది. ముల్లు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. నమలడం ఆపేశాను. మావారి చెయ్యి నా నోటి వైపు రాబోయింది. కళ్ళతోనే ఆగమన్నాను. తల కొంచెం వంచి, నోట్లో ఉన్నదంతా నాలుకతో కొద్దికొద్దిగా ఎడంపక్కకు తోసుకున్నాను. తొందరపడలేదు. కాసేపటికి ముల్లు నాలుక కొసకు తగిలింది. అది కూడా వెళ్ళి మొదటిదాని పక్కన చేరింది. మావారి చెయ్యి ఇంకా నా పళ్ళెం మీదే ఆడుతుంటే అత్తగారు, "ఆవిడ తింటన్నారు గదా బాబూ, మీ కంచంలో చూసుకుని మీరు తినండి" అన్నారు.

ఆయన వింటేగా. చూపు నా పళ్ళెంలో పెట్టి, తన ప్లేటులో ఏముందో చూడకుండా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగేశారు. మరుక్షణం గొంతు పట్టుకున్నారు. దగ్గారు, నీళ్ళు తాగారు, మళ్ళీ దగ్గారు. ముల్లు గొంతులో దిగబడింది. ఊపిరి ఆడుతోంది, మాట వస్తోంది, కానీ మింగలేకపోతున్నారు. డాక్టర్లు ఇలా చెయ్యొద్దంటారని తెలుసు, అయినా మా ఇళ్ళల్లో తరతరాలుగా చేసేదే ఆ నిమిషాన గుర్తొచ్చింది. పళ్ళెంలోంచి ఒట్టి అన్నం తీసుకుని కుడిచేత్తో ముద్ద కట్టాను. వేళ్ళు గట్టిగా మూసుకోలేదు, ముద్ద ఒక పక్క చీలింది. మళ్ళీ నొక్కాను.

"నోరు తెరవండి" అన్నాను. తెరిచారు. నా చేత్తో పెట్టాను. "నమలకండి, అలాగే మింగండి."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని మింగారు. ఇంకోసారి ఉత్తినే మింగి చూసుకుని, "పోయింది" అన్నారు. అత్తగారు నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాగమణి గారు ముందు గదిలోని కొర్రమీను పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టి, "సారుగారూ, మీరు ఇది తినండి, దీన్లో ముల్లుండదు" అన్నారు. ఆయన బుద్ధిగా తిన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండి ఉంటే ముల్లు వల్ల అన్నారు. నేను నమ్మినట్టే ఉండి, మిగిలిన పరిగెలు పూర్తిచేశాను.

నాలుగింటికి బయలుదేరి చీకటి పడకముందే ఏలూరు చేరాం. సాయంత్రం గూడెం వైపు వచ్చే బండ్లు చాలానే ఉన్నాయి, రద్దీ ఎక్కువ కనుక చంటిపిల్లల తల్లులూ ముసలివాళ్ళూ ఎక్కే పెట్టె దగ్గర ముందే నిలబడితే సీటు దొరుకుతుంది. భీమడోలు దాటాక మావారు, "ఇంక ఫోను చెయ్యను" అన్నారు. ఆయన భయం పోయిందని నేననుకోను. నల్లబడిన నా మొహం ఒకసారి చూసిన మనిషికి ఆ భయం అంత తేలిగ్గా పోదు. కానీ ఆ రాత్రి మా ఇంట్లో, నాగమణి గారు కట్టిచ్చిన పులుసులో, ఆయన చేప తన కంచంలో, నా చేప నా కంచంలో ఉన్నాయి.

నాకు ఈ రోజు గర్వంగా ఉంది, దాచుకోను. నా సంతకం ఇంకా వంకరగానే వస్తుంది, బోర్డు మీద నా అంకెలు చూసి పిల్లలు ముసిముసిగా నవ్వుతారు, మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నా చెయ్యి తిరిగివచ్చినట్టు అందరి చెయ్యీ వస్తుందని కూడా చెప్పను. నాగమణి గారి అత్తగారి చెయ్యి రాలేదు, అయినా ఆవిడ తన పరిగెలు తను తింటున్నారు, ఎవరి అనుమతీ అడగకుండా. కోలుకోవడమంటే పాతమనిషిగా మారిపోవడమని రెండేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నా కంచంలో ఏం పడాలో నేను చెప్పగలిగితే, అందులో ముళ్ళున్నా సరే, నేను కోలుకున్నట్టే.

ఈ దారిన వెళ్ళాలనుకునే నాలాంటివాళ్ళకు ఒక్క సలహా. మింగే శక్తి ఎలా ఉందో ముందు డాక్టరును అడగండి, ఆయన కాదంటే ముళ్ళ చేప జోలికి పోకండి. సరేనంటే, మీరు భోజనానికి వెళ్ళబోయే ఇంటికి ఫోను మాత్రం మీరే చెయ్యండి. మాట ముద్దగా వచ్చినా, మధ్యలో ఆగినా, అవతలివాళ్ళు ఆగి వింటారు. ఏం తింటారో మీ నోటితో మీరే చెప్పండి.